వేగం స్విఫ్ట్‌ది, హడావుడి స్పిట్‌ఫైర్‌ది

ఆదివారం పొద్దున్నే భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల దగ్గర మా మావయ్య కారు ఆపితే చాలు, టీ చల్లారేలోపు చుట్టూ జనం. ఫొటోలు అయ్యాక అందరూ అడిగేది ఒకటే: "ఇది ఎంత స్పీడు పోద్దండీ?" మావయ్య చెప్పేదీ ఒకటే: "మీరొచ్చిన కారు కంటే తక్కువే." వాళ్ళు జోకనుకుని నవ్వుతారు. ఆయన మాత్రం ఉన్నమాటే చెబుతున్నాడు.

ఆయనది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3, 1968 నాటిది. రెండే సీట్లు, టాపు మడిచేస్తే పైన ఆకాశం. ఓడల్లో ఇంజినీరుగా చేసేటప్పుడు కలకత్తాలో ఎవరి దగ్గరో కొన్నాడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక తాళం నాకిచ్చాడు. "కూర్చోవడం సులువేరా, లేవడమే" అంటాడు. వారమంతా నేను తిరిగేది స్విఫ్ట్‌లో, 2024లో వచ్చిన కొత్త తరం మోడల్. ఒకే ఇంటి ముందు ఈ రెండూ పక్కపక్కన ఉండటంతో, "స్పోర్ట్స్ కారు" అన్న మాటకి అసలు అర్థమేమిటన్న ప్రశ్న నాకు రోజూ ఎదురవుతుంటుంది.

ముందు లెక్కలు చూద్దాం. స్పిట్‌ఫైర్‌ది 1296 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, 75 హార్స్‌పవర్. స్విఫ్ట్‌ది 1197 సీసీ, మూడే సిలిండర్లు, 80 హార్స్‌పవర్‌కి కాస్త అటూ ఇటూ. పాతది సుమారు 750 కిలోలు, కొత్తది 920 దాకా ఉంటుంది. అంత తేలిక బండి అయినా నిలబడ్డ చోటు నుంచి దాదాపు వంద అందుకోవడానికి 13, 14 సెకన్లు తీసుకునేది. ఇవాళ స్విఫ్ట్‌లో స్కూలు పిల్లల్ని దింపే తల్లి గట్టిగా తొక్కితే అంతలోనో, ఇంకా ముందో అందుకుంటుంది. స్పిట్‌ఫైర్‌కి గంటకి 155 కిలోమీటర్ల దగ్గరే ఆఖరు. మైలేజీ లీటరుకి పదకొండో పన్నెండో. స్విఫ్ట్‌కి కంపెనీ కాగితం మీద 24.8. రోడ్డు మీద అంత రాదులెండి, అయినా దానికీ దీనికీ పోలిక లేదు.

ఒక్క విషయంలో మాత్రం రెండూ అన్నదమ్ములు. రెంటికీ ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు. యాభై ఆరేళ్ళ తేడా ఉన్న బళ్ళకి వెనక చక్రాల్లో అదే ఏర్పాటు చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. తేడా అంతా మధ్యలో ఉంది. మావయ్య కారులో నా కాలి బలమే బ్రేకు. స్విఫ్ట్‌లో బూస్టరు నా కాలికి తోడొస్తుంది, చక్రం బిగుసుకుపోతే ఏబీఎస్ సెకనులో ఎన్నోసార్లు వదిలి పట్టుకుంటుంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కొత్త కారుకీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు.

మరి లెక్కల్లో అన్ని చోట్లా ఓడిన బండి, రుషికొండ దాటాక యాభై మీద పోతుంటేనే ఎందుకు గుండె దడదడలాడిస్తుంది? అదే యాభై స్విఫ్ట్‌లో ఎందుకు ఆవలింత తెప్పిస్తుంది?

సగం జవాబు కంటి ఎత్తులో ఉంది. స్పిట్‌ఫైర్ టాపు వేసినా ఎత్తు 1.2 మీటర్లే, స్విఫ్ట్ ఒకటిన్నర దాటుతుంది. స్పిట్‌ఫైర్‌లో కూర్చుని తలుపు మీంచి చెయ్యి వేలాడేస్తే తారు దాదాపు తగిలేలా ఉంటుంది. నేల కంటికి ఎంత దగ్గరైతే అంత జోరుగా వెనక్కి పరిగెత్తినట్టు కనిపిస్తుంది. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్క కూర్చుని, ఆటోలో అంచున కూర్చుని, రెంటిలోనూ నలభై మీద పోయినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. దానికి గాలి చప్పుడూ, కాళ్ళకి తగిలే ఇంజిన్ వేడీ కలిపితే యాభై కాస్తా వందలా అనిపిస్తుంది.

మిగతా సగం టైర్లలో ఉంది. స్పిట్‌ఫైర్ టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు. స్విఫ్ట్‌కి తక్కువ మోడల్లో 165, పై మోడల్లో 185. సన్నటి టైరు తన పట్టు సడలబోయే సంగతి చాలా ముందే, చాలా తక్కువ వేగంలోనే చెప్పేస్తుంది. స్టీరింగుకి పవర్ సాయం లేదు కాబట్టి ఆ కబురు నేరుగా నా అరచేతుల్లోకి వస్తుంది. మలుపులో స్టీరింగు బరువెక్కుతుంది, పట్టు జారబోయే ముందు తేలికపడుతుంది. స్విఫ్ట్‌కీ హద్దు ఉంది, కాకపోతే అది చాలా దూరాన ఉంది. అక్కడిదాకా వెళ్ళాలంటే పబ్లిక్ రోడ్డు మీద పోకూడనంత జోరుగా పోవాలి. కాబట్టి బుద్ధి ఉన్నవాడికి ఆ హద్దు ఎప్పటికీ కనపడదు. స్పిట్‌ఫైర్ దాన్ని నలభైలోనే చూపిస్తుంది. చలాన్ పడని వేగంలో డ్రైవింగ్ అంటే ఏమిటో తెలియడం దీని గొప్పతనం. అది దాని బలహీనత లోంచే వచ్చింది.

ఆ బలహీనతలన్నిట్లోకీ పేరుమోసినది వెనక యాక్సిల్. దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి. అంబాసిడర్‌ని కిందనుంచి చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది: రెండు వెనక చక్రాల మధ్యా యాక్సిల్‌ని కప్పే హౌసింగ్ ఒకే దూలంలా ఉంటుంది. చక్రాలు ఎప్పుడూ నిటారుగానే ఉంటాయి. స్పిట్‌ఫైర్‌లో మధ్యనున్న డిఫరెన్షియల్‌ని, అంటే ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల డబ్బాని, చాసిస్‌కే బిగించేశారు. దానికి అటొకటీ ఇటొకటీ యాక్సిల్ కడ్డీలు, వాటికి మడత డిఫరెన్షియల్ దగ్గర మాత్రమే. చక్రం వైపు మడత లేదు. పైన అడ్డంగా ఒక కమాను కట్ట, ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగు. అంటే ఒక్కో చక్రం గొడుగు ఊచలా పైకీ కిందికీ ఊగుతుంది. కారు వెనక భాగం కిందికి అణిగితే గొడుగు విచ్చుకుంటుంది, పైకి లేస్తే ముడుచుకుంటుంది.

చిక్కంతా ముడుచుకున్నప్పుడే. సింహాచలం కొండ రోడ్డులో దిగుతున్నారనుకోండి. మలుపు అనుకున్నదాని కంటే బిగువుగా ఉంది. భయమేసి ఠక్కున యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తారు, ఎవరైనా చేసేది అదే. బరువు ముందుకి తూలి కారు వెనక భాగం లేస్తుంది. బయటి వైపు వెనక చక్రం లోపలికి మడుచుకుని టైరు అంచు మీద నిలబడుతుంది. ముందే సన్నటి టైరు, అందులోనూ అంచు. పట్టు పోయి వెనక భాగం కొండ అంచు వైపు గిరుక్కున తిరుగుతుంది. మొదటిరోజు తాళం ఇస్తూ మావయ్య చెప్పింది ఇదొక్కటే: "మలుపు ముందు ఎంతైనా భయపడు. మలుపులోకి వచ్చాక మాత్రం భయపడకు." అంటే బ్రేకులన్నీ మలుపు ముందే ముగించి, లోపల కాలు కదపకుండా సన్నగా తొక్కి ఉంచాలన్నమాట.

ట్రయంఫ్ వాళ్ళకీ ఇది తెలుసు. 1970లో మార్క్ 4 తెచ్చినప్పుడు కమాను కట్టలో కొన్ని పట్టీలు వదులుగా ఊగేలా మార్చి ఈ జబ్బుని చాలావరకు నయం చేశారు. మన దేశంలో దీనికి ఇంకో కథ ఉంది. స్పిట్‌ఫైర్ అడుగు చాసిస్ ట్రయంఫ్ హెరాల్డ్ నుంచి వచ్చిందే. ఆ హెరాల్డ్‌నే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారు చేశారు. ఊగే యాక్సిల్ మన మెకానిక్కులకి నచ్చలేదు, మన రోడ్లకీ నచ్చలేదు. 1972లో గజెల్ అని పేరు మార్చి తెచ్చినప్పుడు అంబాసిడర్ తరహా దూలం యాక్సిల్ పెట్టేశారు.

అదే సింహాచలం మలుపులో స్విఫ్ట్‌తో అదే తప్పు చేస్తే ఏమవుతుంది? లాగేది ముందు చక్రాలు కాబట్టి, కాలు తీస్తే ముక్కు ఇంకాస్త లోపలికి తిరుగుతుంది. ఒకవేళ తోక జారబోయినా, స్టీరింగ్ ఎటు తిప్పాను, కారు నిజంగా ఎటు తిరుగుతోంది అన్న రెండు లెక్కలూ కంప్యూటర్ పోల్చి చూసుకుని ఏదో ఒక చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తుంది. ఇదే ఈఎస్‌సీ. డ్యాష్‌బోర్డు మీద చిన్న పసుపు దీపం రెండుసార్లు మిణుకుమంటుంది. పక్కసీట్లో వాళ్ళ నిద్ర కూడా చెడదు. నా తప్పు నాకు తెలియకుండానే దిద్దేసింది! ఎన్‌ఏడీ నుంచి గాజువాక దాకా ఉక్కు కడ్డీల ట్రైలర్ల మధ్య రోజూ పోయేవాడిగా నాకు కావలసింది అచ్చంగా అదే. అక్కడ నాకు పాఠాలు అక్కర్లేదు.

రెండో పెద్ద తేడా ఇంజిన్‌కి తిండి పెట్టే పద్ధతిలో ఉంది. ఇది ఈమధ్య మరీ రసవత్తరంగా మారింది, ఇథనాల్ పుణ్యమా అని.

స్పిట్‌ఫైర్‌కి గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్లు రెండు, ఎస్‌యూ రకానివి. లోపల ఒక పిస్టన్, దాని కింద మొన దగ్గర సన్నబడుతూ పోయే సూది, ఆ సూది దూరే జెట్, అంటే పెట్రోలు వచ్చే రంధ్రం. ఇంజిన్ ఎక్కువ గాలి పీలిస్తే పిస్టన్ లేస్తుంది, సూది జెట్‌లోంచి పైకి వస్తుంది, సన్నటి భాగం దగ్గర సందు పెరిగి పెట్రోలు ఎక్కువ పడుతుంది. తెలివంతా ఆ సూది ఏటవాలులోనే ఉంది. దాన్ని అరగదీసిన రోజున ఏ పెట్రోలు ఉండేదో, ఆ పెట్రోలే దానికి తెలుసు.

కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి తొమ్మిది కిలోలు చాలు, ఎందుకంటే ఆక్సిజన్ కొంత దానిలోనే ఉంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు ఆ రెంటికీ నడుమ, పదమూడున్నర దగ్గర పడుతుంది. సూదికి ఈ సంగతి తెలియదు. పాత లెక్కనే పోస్తుంది కాబట్టి సిలిండర్లలో పెట్రోలు పాలు తక్కువై, గాలి పాలు ఎక్కువవుతుంది. దాన్నే మెకానిక్కులు లీన్ అంటారు. ఇంజిన్ వేడెక్కుతుంది, తొక్కగానే ఓ క్షణం నీళ్ళు నములుతుంది, అప్పుడు లాగుతుంది. స్విఫ్ట్ సైలెన్సర్ దారిలో ఆక్సిజన్ సెన్సర్ ఉంది. పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి, పోసేది ఎక్కువైందో తక్కువైందో ఎప్పటికప్పుడు కంప్యూటర్‌కి చెబుతుంది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ని తెరిచి ఉంచే వ్యవధి ఆ మేరకు మారుతుంది. ఇథనాల్‌లో శక్తి తక్కువ కనుక మైలేజీ కొంత పడుతుంది గానీ, ఇంజిన్‌కి ఇబ్బంది తెలియదు.

మావయ్య ఇంట్లో ఆ సెన్సర్ పని చేసేది ఆయన చెవి. కార్బొరేటర్ కింద ఆరు పలకల నట్టు ఒకటి ఉంటుంది. దాన్ని ఓ పలక కిందికి తిప్పితే జెట్ దిగి పెట్రోలు పెరుగుతుంది. తిప్పాక పిస్టన్‌ని పక్కనున్న చిన్న మేకుతో ఓ మిల్లీమీటరు ఎత్తి చెవి ఒగ్గి వింటాడు. ఇంజిన్ మోత పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు. ఆగిపోబోతే తక్కువైనట్టు. ఒక్క క్షణం పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిపోయినట్టు. ఈ20 వచ్చాక రెండు కార్బొరేటర్లకీ పలక తర్వాత పలక తిప్పుతూ ఓ ఆదివారం మధ్యాహ్నమంతా గడిపాం. వదిన భోజనానికి మూడుసార్లు పిలిచింది.

జెట్‌తో పని అయిపోలేదు. పాత రబ్బరు పైపుల్నీ, పంపు లోపలి డయాఫ్రమ్ అనే పొరనీ ఇథనాల్ ఉబ్బేలా చేసి పాడుచేస్తుంది కనుక వాటిని తట్టుకునే రకానివి వేయించాం. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. వైజాగ్‌లో తేమకి కొదవా? నెలరోజులు కదపకుండా సగం ట్యాంకుతో వదిలేస్తే అడుగున నీళ్ళు చేరే ప్రమాదం ఉంది. అందుకే పై దాకా నింపి ఉంచుతాం, వారానికోసారి తిప్పుతాం. మల్కాపురంలో 1957లోనే కాల్టెక్స్ వాళ్ళు రిఫైనరీ పెట్టిన ఊరు మాది. పెట్రోలు వాసన పీలుస్తూ పెరిగాం. అలాంటి ఊళ్ళో పెట్రోలు గురించి ఇంత బెంగ పడాల్సి వస్తుందని అనుకోలేదు.

ఘాట్ రోడ్డు ఎక్కించినప్పుడు ఇంకో తేడా బయటపడుతుంది. అరకు వెళ్ళేటప్పుడు ఎస్.కోట దాటి టైడా, అనంతగిరి వైపు ఎండాకాలంలో ఎక్కితే స్పిట్‌ఫైర్ ఒక్కోసారి ఆయాసపడి ఆగిపోతుంది. దాని పెట్రోలు పంపు ఇంజిన్‌కే అంటుకుని ఉండి, వెనక ట్యాంకు నుంచి పెట్రోలుని పీలుస్తుంది. పీల్చే పైపులో ఒత్తిడి తక్కువ, పక్కన ఇంజిన్ వేడి. ఆ రెంటికీ పెట్రోలు పైపులోనే ఆవిరైపోతుంది. పంపుకి ఆవిరి అందుతుంది తప్ప ద్రవం అందదు. బానెట్ ఎత్తి అరగంట చల్లారబెట్టడమే మందు. స్పిట్‌ఫైర్ బానెట్ ఎత్తడమంటే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ముక్కు వైపు పడగలా తిరగబడుతుంది. ముందు చక్రం మీదే కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. స్విఫ్ట్ పంపు ట్యాంకులోనే మునిగి ఉండి ఒత్తిడితో ముందుకి తోస్తుంది. ఒత్తిడిలో ఉన్న పెట్రోలు అంత త్వరగా మరగదు. ఫ్యాను సంగతీ అంతే. పాతదానికి ఫ్యాను ఇంజిన్‌తో పాటే తిరుగుతుంది, అంటే మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర గాలి ఎక్కువ కావలసినప్పుడే నెమ్మదిగా తిరుగుతుంది. కొత్తదానిది కరెంటు ఫ్యాను, వేడి చూసి తిరుగుతుంది.

ఇక ఉప్పుగాలి. ఎంవీపీ కాలనీలో కిటికీ ఊచలకి రెండేళ్ళకోసారి రంగు వేయించేవాళ్ళకి దీని గురించి చెప్పేదేముంది. స్విఫ్ట్ బాడీని రంగు వేసేముందే తొట్టిలో ముంచి కరెంటుతో సందుసందుకీ పూత పట్టిస్తారు. 1968లో అంత శ్రద్ధ లేదు. తలుపుల కింది పెట్టెల్లోపల నీళ్ళు చేరితే తుప్పు లోపల్నుంచి తినేస్తుంది, పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. ఓసారి టింకరింగ్ చేసే ఆయన స్క్రూడ్రైవరుతో మెల్లగా పొడిస్తే పిడి దాకా దిగిపోయింది.

విడిభాగాలు దొరకవని అందరూ జాలిపడతారు గానీ, ఇక్కడే హెరాల్డ్ చుట్టరికం ఆదుకుంది. కంచరపాలెంలో ఒక పాత మేస్త్రీ ఉన్నాడు. స్పిట్‌ఫైర్ ఎప్పుడూ చూడలేదట. ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, కింద ఇత్తడి ముక్కని వేలితో తుడిచి, వేలు వాసన చూశాడు.

"గ్రీజు కొట్టీసినారేటి బాబూ?"

"కొట్టాను. నిప్పుల్ ఉంది కదా."

"హెరాల్డుకీ ఇదే ముక్క. దీనికి గ్రీజు కాదు, గేరాయిల్ పొయ్యాల."

ఆ ముక్క పేరు ట్రనియన్. చక్రాన్ని పట్టుకునే నిలువు ఉక్కు కడ్డీ అడుగున మరలు ఉంటాయి, అవి ఈ ఇత్తడి ముక్కలో తిరుగుతాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా కదిలేది అదే. గ్రీజు గట్టిగా ఉండి మరల సందుల్లోకి దిగదు. లోపల నీళ్ళు చేరి, ఉక్కు తుప్పు పట్టి, ఒకరోజు కడ్డీ విరిగి చక్రం బండి కింద మడుచుకుపోతుంది. గ్రీజు గన్ను పట్టే నిప్పుల్ చూసి గ్రీజే అనుకున్నది నేను. మావయ్య ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఇప్పుడు గన్నులో తొంభై నంబరు గేరాయిల్ పోసి, పక్క నుంచి కారేదాకా కొడతాను.

స్విఫ్ట్‌కి ఇలాంటి కథలే లేవు. పదివేల కిలోమీటర్లకి సర్వీసుకి ఇస్తాను, సాయంత్రానికి తెచ్చుకుంటాను. దాని కింద ఏముందో ఇంతవరకు చూడలేదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. యాభై ఏళ్ళు దాటి అసలు రూపంలోనే ఉన్న బళ్ళకి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. కొత్తగా చేయించాలంటే 20,000, పదేళ్ళయ్యాక మళ్ళీ 5,000. కాకపోతే అలా చేయిస్తే ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, రిపేరుకీ, పెట్రోలుకీ తప్ప రోడ్డెక్కకూడదు. భీమిలిలో టీ తాగడం ఆ జాబితాలో లేదని మావయ్య పాత రిజిస్ట్రేషన్‌నే ఫిట్‌నెస్ చేయించుకుంటూ నెట్టుకొస్తున్నాడు.

భద్రత గురించి వాదనే లేదు. స్విఫ్ట్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు. స్పిట్‌ఫైర్‌లో, హైవే మీద లారీ పక్కకి వస్తే నా చెవి ఎత్తులో దాని చక్రం నట్లు. పిల్లల్ని అందులో హైవే ఎక్కించను. ఈ ఒక్క విషయంలో పాత బళ్ళ అభిమానులు చెప్పే "ఆ రోజుల్లో రేకు మందం" కబుర్లు నాకు నచ్చవు. మందం రేకు ముడుచుకోదు, దెబ్బ లోపలి మనిషికి చేరుతుంది.

అయినా స్విఫ్ట్‌ని స్పిట్‌ఫైర్ అచ్చంగా ఓడించే చోటు ఒకటుంది. పాత ఊళ్ళో కురుపాం మార్కెట్ సందులు. స్పిట్‌ఫైర్ ముందు చక్రాలకి ఇంజిన్ లాగుడు లేదు కాబట్టి అవి విపరీతంగా తిరుగుతాయి. స్పిట్‌ఫైర్ 7.3 మీటర్ల వలయంలో తిరిగేస్తుంది, స్విఫ్ట్‌కి 9.6 కావాలి. మొన్న అక్కడ ఎదురుగా తోపుడు బండి, వెనక ఆటో. ఒక్క విసురులో తిప్పేసరికి ఆటో అబ్బాయి చప్పట్లు కొట్టాడు. మావయ్య పక్క సీట్లో టోపీ సర్దుకున్నాడు.

ఇంటికొచ్చాక అడుగునంతా మంచినీళ్ళతో కడిగి గుడ్డ కప్పాను. తర్వాత స్విఫ్ట్ తీసి రైతు బజారుకి కూరలకి వెళ్ళాం. మావయ్య దాంట్లో సులువుగా ఎక్కాడు, సులువుగా దిగాడు. దారిలో ఏసీ చల్లగా ఉందన్నాడు. బెండకాయలు కొని వచ్చేలోపు నిద్రపోయాడు.